మరిది కంప్యూటర్ క్లీన్ చేశాడు, నా అకౌంట్స్ తెరుచుకోవడం లేదు

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. దాన్ని ఇక్కడ కుదించి ఇస్తున్నాం.

ఆమె ఇంటి నుంచే మూడు చిన్న వ్యాపారాల లెక్కలు చూస్తారు. ల్యాప్‌టాప్ నాలుగైదేళ్ల నాటిది, ఈమధ్య బాగా నెమ్మదించింది. ఆదివారం ఇంటికి వచ్చిన మరిది "నేను చూస్తాలే వదినా" అని కూర్చుని, ఉచితంగా దొరికే ఒక క్లీనర్ ప్రోగ్రామ్ వేసి స్కాన్ చేశాడు. 1,400 సమస్యలు ఉన్నాయని అది ఎర్రటి అక్షరాల్లో చూపించింది. అన్నీ సరిచేయమని నొక్కాడు. తర్వాత ప్రోగ్రాముల జాబితాలో ఒకే పేరుతో పదిసార్లు కనిపిస్తున్నవాటిని తీసేశాడు. సీ డ్రైవ్‌లో చోటు తినేస్తున్న కొన్ని ఫోల్డర్లను ఖాళీ చేశాడు. ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ నిజంగానే చురుగ్గా నడిచింది.

సోమవారం నుంచి కష్టాలు మొదలయ్యాయి. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ తెరవబోతే ఎంఎస్‌వీసీపీ140 అనే డీఎల్ఎల్ ఫైల్ (ప్రోగ్రాములు నడవడానికి వాడుకునే సహాయక ఫైల్) దొరకలేదంటోంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోంది కానీ కొత్తగా కొన్నట్టు లైసెన్స్ నంబర్ అడుగుతోంది. స్కానర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేద్దామంటే, తీసేయడానికి కూడా ఏదో ఎంఎస్ఐ ఫైల్ (ప్రోగ్రామ్ వేయడానికి, తీయడానికి విండోస్ వాడే ఫైల్) కావాలంటోంది. పీడీఎఫ్‌లు వేరే ప్రోగ్రాములో తెరుచుకుంటున్నాయి. శుక్రవారానికి ఒకరికి నెలాఖరు లెక్కలు ఇవ్వాలి. "ఫార్మాట్ కొట్టేద్దాం, గంట పని" అంటున్నాడు మరిది. భర్తదీ అదే మాట. సాయం చేసిన పిల్లవాడిని ఏమీ అనొద్దని అత్తగారు. "నా లెక్కలు పోయాయా? ఆ డీఎల్ఎల్ ఫైల్ ఇచ్చే సైటు ఒకటి కనిపించింది, దించుకోవచ్చా? ఫార్మాట్ వద్దని ఎలా చెప్పను? టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు" అని అడిగారు.

సమాధానం:

మీ లెక్కలు చాలావరకు క్షేమంగానే ఉండి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వేరు, అది రాసిపెట్టే డేటా వేరు. మీరు చెప్పిన లక్షణాలన్నీ ప్రోగ్రాములు నడవడానికి కావలసిన సరంజామా పోయిందని చెబుతున్నాయి. మీరు ఎంట్రీ చేసిన వోచర్లు పోయాయని వాటిలో ఏ ఒక్కటీ చెప్పడం లేదు. అయితే మరిది ఖాళీ చేసిన ఫోల్డర్లలో డేటా ఫోల్డర్ కూడా ఉందేమో ఒకసారి చూసుకోవాలి. ఏ మరమ్మతుకైనా ముందు చేయాల్సింది అదే. అప్పటిదాకా కొత్తగా ఏదీ వేయకండి, ఏదీ తీయకండి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయకండి. తీసేసిన ఫైళ్లు ఇంకా అందులోనే ఉండవచ్చు.

డేటా ఎక్కడ ఉందో వెతకడం అంత కష్టం కాదు. సాఫ్ట్‌వేర్ వేసినప్పుడు మీరు ఎంచుకున్న ఫోల్డర్ గుర్తుంటే నేరుగా అక్కడికి వెళ్లండి. గుర్తు లేకపోతే సీ డ్రైవ్‌లో ఆ సాఫ్ట్‌వేర్ పేరుతో ఉన్న ఫోల్డర్లు, డాక్యుమెంట్స్, ప్రోగ్రామ్‌డేటా చూడండి. ప్రోగ్రామ్‌డేటా మామూలుగా కనిపించదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన వ్యూ మెనూలో షో, అందులో హిడెన్ ఐటమ్స్ నొక్కితే బయటపడుతుంది. తేదీ వారీగా పేర్చి, మీరు చివరిసారి పని చేసిన రోజున మారిన ఫైళ్లు ఉన్నాయేమో గమనించండి. దొరికాక ఫోల్డర్ మొత్తాన్ని ఒక బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. కట్ చేయవద్దు, కాపీయే. రెండు చోట్లా ఫోల్డర్ సైజు, ఫైళ్ల సంఖ్య ఒకేలా ఉన్నాయో లేదో పోల్చి చూడండి. ఇది పూర్తయితే, ఇక ఆ ల్యాప్‌టాప్‌కు ఏమైనా మీ నెల కష్టం మీ చేతిలో ఉన్నట్టే. ఈ రాత్రికి నిద్ర పడుతుంది.

శుక్రవారం సంగతికి కూడా దారి ఇక్కడే ఉంది. అదే సాఫ్ట్‌వేర్, అదే వెర్షన్ ఉన్న మరో కంప్యూటర్ దొరికితే, కాపీకి ఇంకో కాపీ తీసి అక్కడ తెరిచి పని ముగించవచ్చు. రెండో కాపీ ఎందుకంటే, కొత్త వెర్షన్‌లో తెరిస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు డేటాను కొత్త రూపానికి మార్చేస్తాయి. ఆ తర్వాత పాత వెర్షన్ దాన్ని చదవలేదు. లైసెన్స్ ఒక్క కంప్యూటర్‌కే అయితే కంపెనీ సపోర్ట్‌కు ఫోన్ చేసి తాత్కాలికంగా వాడుకునే వీలుందేమో అడగండి. ఏ దారిలో వెళ్లినా, లెక్కలు ఇవ్వాల్సిన వారికి ఈరోజే ఒక మాట చెప్పేయండి: కంప్యూటర్ మరమ్మతులో ఉంది, ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు అని. గురువారం రాత్రి చెప్పడం కన్నా ఇప్పుడు చెబితే మీ మాటకు విలువ ఉంటుంది.

ఇక మరమ్మతు. మీకు ఒకేసారి అన్నీ చెడిపోయినట్టు కనిపిస్తోంది కానీ, ఉత్తరం జాగ్రత్తగా చదివితే వేరువేరు కారణాలతో వచ్చిన మూడు నాలుగు సమస్యలు ఉన్నాయి. వాటిని విడదీస్తే సగం భయం పోతుంది.

అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌ది తేలికైన కేసు. మీ మరిది ఒకే పేరుతో పదిసార్లు ఉన్నాయని తీసేసినవి దాదాపు ఖాయంగా మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ ప్యాకేజీలు, అంటే చాలా ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే డీఎల్ఎల్ ఫైళ్ల మూటలు. 2005, 2008, 2010, 2012, 2013 అంటూ సంవత్సరాలతో, ఒక్కొక్కటి ఎక్స్86 (32 బిట్), ఎక్స్64 (64 బిట్) అని రెండేసి చొప్పున జాబితాలో బారులు తీరి ఉంటాయి. చూసినవారెవరికైనా నకళ్లు పోగుపడ్డాయనే అనిపిస్తుంది, ఆ అబ్బాయిని తప్పుపట్టలేం. కానీ ఏ ప్రోగ్రామ్‌ను ఏ సంవత్సరం పనిముట్లతో తయారుచేశారో దానికి ఆ సంవత్సరం ప్యాకేజీయే కావాలి. 64 బిట్ విండోస్‌లో కూడా 32 బిట్ ప్రోగ్రాములకు ఎక్స్86 ప్యాకేజీ తప్పనిసరి. ఏది కావాలో ఎర్రర్‌లోని ఫైల్ పేరే చెబుతుంది: చివర 100 ఉంటే 2010, 110 ఉంటే 2012, 120 ఉంటే 2013. మీకు వచ్చినట్టు 140 ఉంటే 2015, ఆ తర్వాతివి. 2015 నుంచి 2022 వరకు అన్నిటికీ కలిపి ఒకే ప్యాకేజీ సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ వారి సొంత సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఎక్స్86, ఎక్స్64 రెండూ వేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి చూడండి. చాలామందికి కథ ఇక్కడితో ముగుస్తుంది.

మీరు చూసిన సైటు నుంచి ఒక్క డీఎల్ఎల్ ఫైల్‌ను మాత్రం దించుకోకండి. ఆ ఫైల్ ఎవరు పెట్టారో, అందులో ఇంకేముందో తెలియదు. అది మంచిదే అయినా మీ ప్రోగ్రామ్‌కు కావలసిన వెర్షన్ కాకపోవచ్చు. పైగా ఒకటి పెడితే దాని పక్కది లేదని మరో ఎర్రర్ వస్తుంది, మీరు ఒక్కొక్కటిగా ఏరుకుంటూ పోవాలి. ప్యాకేజీ వేస్తే అన్నీ ఒకేసారి వాటి చోట్లకు చేరతాయి.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అడగడం వేరే సంగతి. కొన్న వివరాలను చాలా ప్రోగ్రాములు విండోస్ రిజిస్ట్రీలోనో, ప్రోగ్రామ్‌డేటాలో ఒక చిన్న ఫైల్‌గానో దాచుకుంటాయి. రిజిస్ట్రీ అంటే విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగులు రాసిపెట్టుకునే ఖాతా పుస్తకం. ఎవరిదో తెలియని పద్దు కనబడితే క్లీనర్ దాన్ని పనికిరానిదిగా లెక్కేసి కొట్టేస్తుంది. మీకు చెప్పాలా, లెక్కల పుస్తకంలో అర్థం కాని పద్దు కొట్టేస్తే ఏమవుతుందో!

ఇక్కడ మీ మరిదిని ఒక ప్రశ్న అడగాలి: ఫిక్స్ నొక్కినప్పుడు బ్యాకప్ తీసుకోమంటావా అని క్లీనర్ అడిగిందా, నువ్వు అవునన్నావా? అలా అడిగే క్లీనర్లు చాలానే ఉన్నాయి. అవునని ఉంటే ఆదివారం తేదీతో ఒక రెగ్ ఫైల్ (రిజిస్ట్రీ బ్యాకప్) డాక్యుమెంట్స్‌లోనో, ఆ క్లీనర్ ఫోల్డర్‌లోనో ఉంటుంది, లేదా క్లీనర్‌లోనే రిస్టోర్ అనే మీట ఉంటుంది. దాన్ని వాడితే కొట్టేసిన పద్దులన్నీ తిరిగి వస్తాయి. ఫైళ్లు మాత్రం రావు, రిజిస్ట్రీ వరకే. బ్యాకప్ లేకపోతే, లైసెన్స్ నంబర్‌ను పదేపదే కొట్టి ప్రయత్నించకండి. కొన్ని కంపెనీలు ఎన్నిసార్లు యాక్టివేట్ చేశారో లెక్కపెడతాయి, హద్దు దాటితే తాళం వేస్తాయి. కొన్నప్పటి మెయిల్ లేదా బిల్లు దగ్గర పెట్టుకుని సపోర్ట్‌కు ఫోన్ చేయండి. రోజూ వచ్చే కేసే ఇది వాళ్లకు.

స్కానర్‌ది మాత్రం కొంచెం మొండి వ్యవహారం. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఇన్‌స్టాలర్ అని దాగి ఉండే ఫోల్డర్ ఒకటి ఉంటుంది. చాలా చోటు తీసుకుంటుంది కాబట్టి క్లీన్ చేసేవారి కన్ను దాని మీద పడుతుంది. కానీ ప్రోగ్రాములను రిపేర్ చేయాలన్నా, అప్‌డేట్ చేయాలన్నా, చివరికి తీసేయాలన్నా విండోస్ వెతికేది అక్కడి ఫైళ్ల కోసమే. మీ మరిది ఖాళీ చేసినవాటిలో అది కూడా ఉందని నా అనుమానం. వేరే కంప్యూటర్ నుంచి ఆ ఫోల్డర్ తెచ్చి పెడితే పనికిరాదు, ఎందుకంటే అందులోని ఫైళ్లు ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటర్‌వే. రీసైకిల్ బిన్‌లో ఉంటే అదృష్టం, రిస్టోర్ నొక్కండి. లేకపోతే స్కానర్ కంపెనీ సైటులో అదే వెర్షన్ ఇన్‌స్టాలర్ వెతికి, ఎంఎస్ఐ ఎక్కడ అని అడిగినప్పుడు అది చూపించాలి. అదీ దొరక్కపోతే, తీయడానికి మొరాయించే ప్రోగ్రాముల కోసం మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ ఉంది. అది ఆ ప్రోగ్రామ్ ఆనవాళ్లు తుడిచేస్తే కొత్తగా వేసుకోవచ్చు. ఈ సమస్య స్కానర్‌తో ఆగకపోవచ్చు, రేపు ఇంకో ప్రోగ్రామ్ అప్‌డేట్ అయ్యేటప్పుడు బయటపడవచ్చు. ఇది గుర్తుంచుకోండి, ఫార్మాట్ గురించి ఆలోచించేటప్పుడు పనికొస్తుంది.

పీడీఎఫ్ సంగతి సమస్యే కాదు. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో మీకు కావలసిన ప్రోగ్రామ్ ఎంచుకుని, ఎప్పుడూ ఇదే అని చెప్పండి.

ఇలా విడివిడిగా కాక అంతా ఒక్క దెబ్బకు వెనక్కి తిప్పే దారి కూడా ఉంది. స్టార్ట్ మెనూలో క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్ అని వెతికి, సిస్టమ్ రిస్టోర్ నొక్కి చూడండి. విండోస్ తన పాత స్థితిని దాచుకున్న తేదీలను రిస్టోర్ పాయింట్లు అంటారు. ఆదివారానికి ముందు తేదీ ఏదైనా కనబడితే మీ పంట పండినట్టే. దాన్ని ఎంచుకున్నాక స్కాన్ ఫర్ అఫెక్టెడ్ ప్రోగ్రామ్స్ అనే మీట నొక్కితే ఏవి తిరిగి వస్తాయో, ఏవి పోతాయో ముందే చూపిస్తుంది. మీ సొంత పత్రాలను ఇది ముట్టుకోదు, ఫలితం నచ్చకపోతే చేసినదాన్ని రద్దు చేసుకోవచ్చు. అయినా డేటా కాపీ అయ్యాకే దీని జోలికి వెళ్లండి. చిక్కల్లా ఏమిటంటే చాలా కంప్యూటర్లలో ఈ సదుపాయం ఆన్ చేసి ఉండదు. ఉన్నా, పాత రిస్టోర్ పాయింట్లను కూడా చెత్త కింద తుడిచేసే క్లీనర్లు ఉన్నాయి. తేదీ ఉంటే నేను ముందు ఇదే ప్రయత్నిస్తాను, లేకపోతే పైన చెప్పినట్టు ఒక్కొక్కటిగా.

అవీ పనిచేయకపోతే రిపేర్ ఉంది. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాలో ప్రోగ్రామ్ పక్కన మాడిఫై అనో, పాత కంట్రోల్ ప్యానెల్‌లో రిపేర్ అనో ఉంటుంది. అదీ లేకుంటే ఇప్పుడున్న ప్రోగ్రామ్‌ను తీయకుండానే అదే వెర్షన్‌ను దాని మీదే మళ్లీ వేయండి. తీసేసి వేస్తే డేటా ఫోల్డర్‌ను కూడా తీసేసే ప్రోగ్రాములు లేకపోలేదు. సిస్టమ్ ఫైల్ చెకర్ నడపమని చాలామంది చెబుతారు. నడిపితే నష్టం లేదు, కానీ అది బాగుచేసేది విండోస్ సొంత ఫైళ్లనే. మీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ గొడవ దానికి పట్టదు.

ఇప్పుడు ఫార్మాట్. అది చెడ్డ ఆలోచనేమీ కాదు, సమయమే చెడ్డది. విండోస్ వేయడానికి గంట పట్టవచ్చు, నిజమే. తర్వాత ప్రింటర్, స్కానర్, లైసెన్సులు, మెయిల్, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు, ఒక్కొక్కటీ మళ్లీ పెట్టుకునే పని మీ మీద పడుతుంది, మరిది మీద కాదు. రీసెట్ చేసేటప్పుడు కీప్ మై ఫైల్స్ అని ఎంచుకుంటే ఏమీ పోదని ఎవరైనా చెబితే అంత సులువుగా నమ్మకండి. ప్రోగ్రాములన్నీ పోతాయి, ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటా, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లలో ఉన్న లెక్కలు మిగులుతాయన్న భరోసా లేదు. మీ డేటా అలాంటి చోటే ఉండే అవకాశం ఎక్కువ. శుక్రవారం పని అయిపోయాక, డేటా రెండు చోట్ల ఉందని చూసుకున్నాక, లైసెన్స్ నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాక కూడా ల్యాప్‌టాప్ రోజుకో ఎర్రర్ ఇస్తూ ఉంటే, అప్పుడు తీరిగ్గా ఫార్మాట్ చేయడమే మేలు. ఇన్‌స్టాలర్ ఫోల్డర్ నిజంగా ఖాళీ అయి ఉంటే ఎప్పటికైనా అక్కడికే రావాల్సి రావచ్చు కూడా.

బయట రిపేర్ చేసేవారికి ఇవ్వడం ఇంకో దారి. మీ శ్రమ తగ్గుతుంది. కానీ వాళ్లకూ అందరికన్నా తేలికైన పని ఫార్మాటే. డేటా కాపీ మీ దగ్గర ఉంచుకోకుండా ఇవ్వకండి.

మరిదికి వద్దని ఎలా చెప్పాలని అడిగారు. నాకు తోచింది చెబుతాను. చేతిలో ఏదైనా పాడైనప్పుడు మనుషులు ఫార్మాట్ అనడానికి ఒక కారణం ఉంది: అది చేసేస్తే ఎర్రర్‌తో పాటు ఎవరి వల్ల వచ్చిందన్న ప్రశ్న కూడా మాయమవుతుంది. ఆ అబ్బాయి కూడా లోపల ఇబ్బంది పడుతూనే ఉంటాడు. వద్దు అని అడ్డుపడితే అది నింద అవుతుంది, అత్తగారు మధ్యలోకి వస్తారు. అందుకు బదులు పని అప్పగించండి. "నువ్వు ఏం తీశావో నీకే తెలుసు, ఒక అరగంట నా పక్కన కూర్చో, జాబితా రాసుకుందాం" అనండి. ఇది అతన్ని బుజ్జగించడానికి చెప్పే మాట కాదు, అతని జ్ఞాపకం లేకుండా మీ పని నిజంగానే కష్టం. గుర్తు రానిచోట స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేసి, వ్యూ రిలయబిలిటీ హిస్టరీ తెరవండి. రోజువారీగా గళ్లు కనిపిస్తాయి. ఆదివారం గడి నొక్కితే ఆ రోజు తీసేసిన ప్రోగ్రాముల పేర్లు చాలావరకు ఉంటాయి, సోమవారం గడిలో ఏవి కూలాయో ఉంటుంది. ఇద్దరూ కలిసి ఆ తెర చూస్తే, ఎవరూ ఎవరినీ అడగకుండానే సంగతి తేలుతుంది. అతనికి అది కూడా ఇష్టం లేకపోతే, మీ వారితో మాత్రం సూటిగా మాట్లాడండి. ఇది సినిమాలు చూసే ల్యాప్‌టాప్ కాదు, మీ పని దాని మీద నడుస్తోంది, అందులోని లెక్కలు వేరేవాళ్లవి. లెక్కలు బయటికి తీసే వరకు ఎవరూ దాన్ని ముట్టుకోకూడదని చెప్పే హక్కు మీకుంది. అందులో మొహమాటానికి చోటు లేదు.

మొదట్లో ల్యాప్‌టాప్ నెమ్మదించిందన్న సమస్య ఇంకా అలాగే ఉంది కదా. రిజిస్ట్రీ శుభ్రం చేస్తే వేగం పెరగదు. కొట్టేసే పద్దులన్నీ కలిపినా ఒక ఫొటో అంత కూడా చోటు తీసుకోవు. రిజిస్ట్రీ క్లీనర్లను వాడటాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే తన సపోర్ట్ పేజీలో రాసింది. ఆ 1,400 సమస్యల్లో ఒక్కటీ మీకు సమస్య కాదు. ఆ సాయంత్రం చురుగ్గా కదలడానికి కారణం బహుశా రీస్టార్ట్ చేయడం, డ్రైవ్‌లో కొంత చోటు దొరకడం, వెనక నడిచే కొన్ని ప్రోగ్రాములు ఆగిపోవడం. అవి క్లీనర్ లేకుండానే చేసుకోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా చూసి, కంప్యూటర్‌తో పాటే లేచే అనవసరమైనవాటిని ఆపండి (తీసేయనక్కర్లేదు, డిసేబుల్ చాలు, లైసెన్స్‌కు సంబంధించిన పేరు కనబడితే దాన్ని వదిలేయండి). సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కు వెళ్లి టెంపరరీ ఫైల్స్ తుడవండి. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అనే గడి కూడా ఉంటుంది, దానికి టిక్ పెట్టకండి. మీకిప్పుడు కావలసిన పాత ఇన్‌స్టాలర్లు అక్కడే ఉండవచ్చు. ల్యాప్‌టాప్‌లో ఇంకా పాత తరం హార్డ్ డిస్క్ ఉంటే, దాని బదులు ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త తరం డ్రైవ్) వేయించడం వల్ల వచ్చే తేడా ఏ క్లీనరూ ఇవ్వలేదు.

ఇంకొక్కటి. కోపం కొద్దీ ఆ క్లీనర్‌ను ఇప్పుడే తీసిపారేయకండి. రిజిస్ట్రీ బ్యాకప్ ఉంటే దాని ఫోల్డర్‌లోనే ఉండవచ్చు, తీసేస్తే అదీ పోతుంది. అన్నీ మళ్లీ నడిచాక సిస్టమ్ ప్రొటెక్షన్ (రిస్టోర్ పాయింట్లు దాచే సదుపాయం) ఆన్ చేసి, ఒక రిస్టోర్ పాయింట్ పెట్టి, ఆ తర్వాత క్లీనర్‌ను తీసేయండి.